కొండ క్రిందనే చేయవలసిన నిర్ణయములు

మోసపోవుట తెలివితక్కువవారి లక్షణమని లోకమున ఒక అభిప్రాయము పాతుకొనియున్నది. న్యాయస్థానములలో వాదించి గెలుచు ప్లీడర్లును, బ్యాంకులలో పైసాతో సహా లెక్క చూచు ఉద్యోగులును, జీవితమంతయు పాఠములు చెప్పిన ఉపాధ్యాయులును హిమాలయయాత్రకు బయలుదేరి, దారిలో గుఱ్ఱమువానికో, దళారికో, మాటకారియైన మార్గదర్శికో రెట్టింపు సొమ్ము సమర్పించుకొని తిరిగివచ్చుచుండుట చూచినప్పుడు ఈ అభిప్రాయము నిలువదు. ఇంటివద్ద కూరగాయల బేరమునందు సైతము జాగరూకులై యుండు వీరు కొండదారిలో ఏల మోసపోవుచున్నారు? వారి బుద్ధి మారలేదు. ఆ బుద్ధి పనిచేయవలసిన పరిస్థితి మారినది.

కంటినిండ నిద్రించి, కడుపునిండ భుజించి, కుర్చీలో కూర్చున్నవాడు ఒక ధర వినినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయగలడు. తెల్లవారుజాము చలిలో, రాత్రియంతయు వాహనములో కుదిలిన శరీరముతో, ఎదుట నిట్టనిలువు దారియు, ప్రక్కన మోకాళ్ళు పట్టుకొని నిలిచిన తల్లియు నుండగా, అదే మనుష్యుడు ఆ నాలుగు ప్రశ్నలను దిగమ్రింగి ‘సరే, పదండి’ యనును. పర్వతమార్గమున వంచన యాత్రికుని అజ్ఞానమును మాత్రమే గాక, అతని అలసటను, ఆతురతను, భయమును, చవకపై గల ఆశను ఆశ్రయించి బ్రతుకుచున్నది. ఈ నాలుగింటిలో ఏదియు కొండమీద కొత్తగా పుట్టునది కాదు. సిద్ధము కాకుండ బయలుదేరిన ప్రతివాడును వీనిని తన మూటలోనే కట్టుకొని పోవుచున్నాడు. కావున ఈ అధ్యాయమున నేను చెప్పదలచిన ప్రధానవిషయ మొక్కటియే: కొండమీద జరుగు మోసమునకు ద్వారము కొండక్రిందనే, తరచుగా మన ఇంటిలోనే, తెఱచుకొనుచున్నది, దానిని మూయవలసినదియు అక్కడనే.

అలసిన వేళ బేరము

తెలుగువారు అధికసంఖ్యలో నడచు హిమాలయమార్గములలో కేదారనాథమార్గము ముఖ్యమైనది. ఆలయము సముద్రమట్టమునకు సుమారు 3,580 మీటర్ల ఎత్తున నున్నది. నడక ఆరంభమగు గౌరీకుండము సుమారు 1,980 మీటర్ల ఎత్తుననే యున్నది. 2013 జూన్ నెలలో సంభవించిన మహావరదలో రామ్‌బాడా యను మజిలీ కొట్టుకొనిపోయి, పాత మార్గము చెడిపోగా, మందాకినీనది ఆవలి ఒడ్డున కొత్తదారి వేయవలసివచ్చెను. అంతకుముందు 14 కిలోమీటర్లుగా నుండిన నడక దానితో సుమారు 16 కిలోమీటర్లయినది. సొంత వాహనములు సోన్‌ప్రయాగవద్దనే నిలిచిపోవును. అక్కడినుండి గౌరీకుండము వఱకు నున్న 5 కిలోమీటర్లు స్థానికుల జీపులలో పోవలెను. ఒక పగటిలో 1,600 మీటర్ల ఎత్తు ఎక్కుట మైదానవాసులకు, అందును వయస్సు మీఱినవారికి, ఎంత కష్టమో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ కష్టమే అక్కడ గుఱ్ఱములకును, కంచరగాడిదలకును, డోలీలకును, వీపున బుట్టకట్టి మనుష్యుని మోయు కండీవారికిని జీవనోపాధి కల్పించుచున్నది. వారిలో అత్యధికులు కష్టజీవులు, సత్యవంతులు. అయినను వేలాదిజనులు ఒకేచోట ఒకే గంటలో తొక్కిసలాడు తావున దళారి పుట్టకుండుట అరుదు.

అక్కడి బేర మెట్లు జరుగునో ఒకసారి దగ్గఱగా చూతము. ఇంకను చీకటి విడలేదు. వరంగల్లునుండియో రాజమహేంద్రవరమునుండియో వచ్చిన ఒక కుటుంబము జీపు దిగినది: తండ్రి, తల్లి, ఉద్యోగము చేయుచున్న కుమార్తె. ‘బాబూజీ, ఘోడా? మాతాజీ, ఘోడా?’ యని పదిమంది చుట్టుముట్టుదురు. వారిలో ఒకడు మిగిలినవారిని ప్రక్కకు త్రోసి, ముందుగా సొమ్ము చెల్లించు కౌంటరువద్ద మూడుగంటల వరుస యున్నదనియు, అంతసేపు నిలిచినచో ఎండయెక్కి దర్శనము తప్పిపోవుననియు, తాను ఇప్పుడే తీసికొనిపోగలననియు చెప్పి, ముగ్గురికిని కలిపి ఒక మొత్తము చెప్పును. తల్లి, ‘ఏమండీ, నా మోకాళ్ళ సంగతి మీకు తెలుసుగా, ఒప్పుకోండి’ అనును. తండ్రి జేబులో చేయి పెట్టును. ఆ మొత్తము పోవుటకు మాత్రమేనా, రాకపోకలకు రెండింటికినా? గుఱ్ఱము ఆలయమువఱకు పోదు గదా, ఎక్కడ దింపును, అక్కడినుండి ఎంత నడవవలెను? దారిలో మఱియొక గుఱ్ఱమునకు మార్చినచో అదనపు సొమ్మెవరిది? గుఱ్ఱపుదాణాయు, తోలువాని భోజనమును ఎవరి ఖర్చు? సామానులకు వేఱు ధర యున్నదా? ఈ అయిదు ప్రశ్నలలో ఒక్కటియు అక్కడ వినబడదు. వినబడని ప్రతిప్రశ్నయు పైకి పోయిన తరువాత ఒక తగవుగా మారును. దారిలోని లించౌలీ మజిలీ దాపున వాన పట్టుకొన్నప్పుడు, ‘నా గుఱ్ఱము ఇంతవఱకే; ఇక్కడినుండి వేఱు మనిషి, వేఱు సొమ్ము’ అని తోలువాడు చెప్పినచో, ఆ కుటుంబము ఏ న్యాయాధిపతివద్దకు పోగలదు?

ఇదే కుటుంబమునందు ఆ కుమార్తె, ‘నాన్నగారూ, కౌంటరు దగ్గరే కడదామని రాత్రే అనుకున్నాం కదా. అమ్మ ఒక్కర్తే గుర్రం ఎక్కుతుంది, మనం నడుద్దాం’ అని చెప్పగలిగినదనుకొందము. దళారి పలుకులు అక్కడితో ఆగిపోవును. ఆమె తెలివి తండ్రి తెలివికన్న ఎక్కువ యగుటవలన గాదు, నిర్ణయము ముందురాత్రి విశ్రాంతిగా నున్నప్పుడు జరిగియుండుటవలననే ఆ మాట ఆమెకు నోటికి వచ్చినది.

గుఱ్ఱములకు, డోలీలకు ఉండవలసిన ధరలను జిల్లా యంత్రాంగము ప్రతియేటను నిర్ణయించి ప్రకటించును. సొమ్ము ముందుగా చెల్లించి రసీదు పొందుటకు కౌంటర్లు ఉన్నవి. తోలువారికి గుర్తింపుకార్డులు ఉండును. కావున చేయవలసినది స్వల్పము. బయలుదేరుటకు ముందురాత్రియే ఎవరు నడచెదరో, ఎవరు గుఱ్ఱమెక్కెదరో, ఏ వేళకు ఎక్కడినుండి తిరుగుటయో నిశ్చయించుకొనవలెను. కౌంటరుననే చెల్లించి, రసీదునకును తోలువాని కార్డునకును ఫోనులో ఫోటో తీసికొనవలెను. అది అవిశ్వాసము కాదు; సత్యవంతుడైన తోలువానికి అందువలన నష్టము లేదు. అతడు స్వయముగా చక్కగా చూచుకొన్నచో, దిగిన తరువాత సంతోషముతో వేఱుగ ఏమైన ఇయ్యవచ్చును. ఆ బహుమానము దిగిన తరువాతనే గాని ఎక్కక పూర్వము కాదు.

దర్శనము విషయమునను ఇదే నియమము. సామాన్యదర్శనమునకు రుసుము లేదు. విశేషపూజలకు బదరీనాథ్–కేదారనాథ్ ఆలయసమితివారే రుసుము తీసికొని రసీదు ఇత్తురు. వరుస తప్పించి లోనికి పంపెదనని దారిలో ఎదురుపడి సొమ్మడుగువాడు ఎంత భక్తిగా మాటలాడినను, నుదుట ఎంత విభూతి ధరించినను, రసీదు చూపలేనిచో అతనికి చెల్లించుట దేవునికి చెల్లించినట్లు కాదు.

మన ఇంటికి దగ్గఱగా నున్న తిరుమలను తీసికొన్నను ఈ న్యాయమే వర్తించును. అలిపిరిమార్గమున 3,550 మెట్లెక్కు భక్తుల సామానులను దేవస్థానమువారు ఉచితముగనే కొండపైకి చేర్తురు. కాలినడక భక్తుల కిచ్చు టోకెనులకును ధర లేదు. వెలలేని దానిని అమ్మజూచువా డెదురైనప్పుడు, అది వెలలేనిదని ముందే తెలిసియున్న భక్తుని అతడు ఒక్క నిమిషమైనను నిలుపలేడు. సేవలలో ఏది ఉచితమో, దేనికి నియమితమైన ధర యున్నదో, ఏది బేరమునకు లోబడునదో యను మూడు వరుసల పట్టిక ఒకటి వ్రాసికొన్నచో, ఏ యాత్రకైనను సగము రక్షణ లభించినట్లే.

ఇంటిలో కూర్చుండగనే జరుగు దోపిడి

కేదారనాథయాత్రలో అన్నిటికన్న పెద్ద మొత్తములు పోవుచున్నది కొండదారిలో గాదు. హైదరాబాదులోను, విశాఖపట్టణములోను, బెంగళూరులోను ఇండ్లలో కూర్చుండి ఫోను చూచుకొనుచున్న వేళ. గుప్తకాశి, ఫాటా, సేర్సీ యను మూడు తావులనుండి కేదారమునకు హెలికాప్టర్లు ఎగురుచున్నవి. వృద్ధులైన తలిదండ్రులను తీసికొనిపోవ నెంచు పిల్లలకు ఆ టికెట్టు మిక్కిలి అవసరమైనది. టికెట్లు విడుదలైన కొలది నిమిషములలోనే నిండిపోవుచుండుటవలన అది మిక్కిలి దుర్లభమైనది కూడ. అవసరమును దుర్లభతయు కలిసినచోట వంచకుడు అంగడి పెట్టుట సహజము. అధికారిక వెబ్‌సైటును పోలిన రంగులు, చిహ్నములు, దేవాలయచిత్రములు పెట్టి నకిలీ వెబ్‌సైట్లు నిర్మింతురు; వెదకువారి కంటికి మొట్టమొదట కనబడునట్లు ప్రకటనలకు సొమ్ము చెల్లింతురు; నంబరునకు ఫోను చేసినచో మర్యాదగా మాటలాడి, వాట్సాప్‌లో వివరము లడిగి, ‘రెండే సీట్లున్నవి, పది నిమిషములలో సొమ్ము పంపనిచో పోవును’ అని తొందరపెట్టి, ఒక వ్యక్తి పేరనున్న ఖాతాకు యూపీఐ ద్వారా సొమ్ము వేయించుకొందురు. తరువాత టికెట్టు కూడ పంపుదురు. అచ్చమైన టికెట్టువలె నుండు ఆ కాగితము చేతబట్టుకొని, తలిదండ్రులను వెంటబెట్టుకొని, హెలిప్యాడువద్దకు పోయిన తరువాతగాని అది కాగితమే యని తెలియదు. ఇట్టి నకిలీ వెబ్‌సైట్లను పోలీసులు ఏటేట పట్టి మూయించుచున్నారు. మూయించిన వానికి బదులు కొత్తవి లేచుచున్నవి.

దీనికి విరుగుడు యాత్రావిధానమును పూర్తిగా తెలిసికొనుటయందున్నది. కేదారనాథముతో కూడిన చార్‌ధామ్ యాత్రకు వచ్చు ప్రతి యాత్రికుడును ఉత్తరాఖండ ప్రభుత్వమువారివద్ద పేరు నమోదు చేసికొనవలెను. ఆ నమోదునకు రుసుము లేదు. 2023 నుండి కేదారనాథ హెలికాప్టరు టికెట్లను ఐఆర్‌సీటీసీవారి ‘హెలీయాత్ర’ వెబ్‌సైటు ద్వారా విక్రయించుచున్నారు. ఆ టికెట్టు కొనుటకు ముందుగా యాత్రానమోదు సంఖ్య కావలెను. ఈ రెండు విషయములు తెలిసినవానికి పరీక్ష సులభము. నమోదు చేయించెదనని సొమ్మడిగినవాడు ఉచితమైనదానిని అమ్ముచున్నాడు. నమోదు సంఖ్య అడుగకుండ టికెట్టు ఇచ్చెదనన్నవాడు లేనిదానిని అమ్ముచున్నాడు. వెబ్‌సైటు చిరునామాను ప్రకటనపై నొక్కి తెఱచుటకన్న అక్షరాక్షరము మనమే టైపు చేయుట క్షేమము. అన్నిటికన్న ముఖ్యముగా, పది నిమిషములలో నిర్ణయింపుమని తొందరపెట్టువాడు ఏ వస్తువు నమ్ముచున్నను, ఆ తొందరయే నిరాకరించుటకు చాలిన కారణము.

సొమ్ము పోయినదని తెలిసిన వెంటనే సిగ్గుపడి దాచుకొనరాదు. 1930 అను సైబర్ నేరముల నంబరునకు తక్షణమే ఫోను చేయవలెను. సొమ్ము ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు జాఱిపోకముందే బ్యాంకులు దానిని నిలుపగల అవకాశము మొదటి గంటలలోనే అధికముగా నుండును. బంధువులు ఏమనుకొందురో యని ఒక రాత్రి ఊరకుండినవారు ఆ అవకాశమును పోగొట్టుకొందురు.

చవక వెనుకనున్న లెక్క

నేటి తెలుగు యువకులు, అమెరికానుండి సెలవులకు వచ్చిన మన పిల్లలును, కేదారమునకు తోడుగా నేపాళమున ఎవరెస్టు బేస్‌క్యాంపు నడకకును, అన్నపూర్ణ ప్రాంతపు నడకలకును పోవుచున్నారు. అక్కడ వంచన మఱియొక రూపము ధరించును. కాఠ్మాండూ వీధులలోను, ఫోనులోను, ఒకే నడకకు ఒకరు చెప్పు ధరలో సగమునకే తీసికొనిపోయెదమను సంస్థలు కనబడును. దూరపుకొండలు నునుపను సామెత నిచ్చట చక్కగా జ్ఞాపకము చేసికొనవలెను. బేస్‌క్యాంపు 5,364 మీటర్ల ఎత్తున నున్నది. నడక ఆరంభమగు లుక్లా సుమారు 2,860 మీటర్లది. 3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి నిద్రించు ఎత్తును రోజునకు 500 మీటర్లకన్న పెంచరాదనియు, మూడు నాలుగు దినములకు ఒకసారి విశ్రాంతి దినము ఉండవలెననియు వైద్యులు చెప్పుచున్నారు. అందుచేతనే నమ్మకమైన సంస్థలు 3,440 మీటర్ల నామ్చేబజారువద్ద ఒక దినమును, డింగ్‌బోచేవద్ద ఒక దినమును అదనముగా నుంచును. చవకబేరమున మొట్టమొదట మాయమగునవి ఈ విశ్రాంతి దినములే. ప్రకటనలో రెండురోజులు తగ్గుట చూచి సెలవు మిగిలినదని సంతోషించు యాత్రికుడు, తన ఆరోగ్యమునుండియే ఆ రెండురోజులను తీసివేసినారని గ్రహింపడు.

రెండవ లెక్క బరువు మోయువానిది. మోయువాని వీపున 30 కిలోలు మించరాదని వారి హితము కోరు సంస్థలు చెప్పుచుండగా, చవకబేరము కుదిరినచోట ఇద్దఱు మోయవలసినది ఒక్కని వీపునకెక్కును. మనము మిగుల్చుకొన్న సొమ్ములో ఒక భాగము ఆ వీపునుండి వచ్చినదని తెలిసినప్పుడు, ఏ మంచిమనిషికిని ఆ చవక రుచింపదు.

మూడవది, వ్రాతలో లేని ఖర్చు. అనుమతి పత్రముల రుసుములు ఆ మొత్తములో చేరియున్నవా? భోజనము, వేడినీరు, ఫోను ఛార్జింగు ఎవరివి? లుక్లాకు విమానము కాఠ్మాండూనుండియేనా, లేక రద్దీ మాసములలో తరచుగా జరుగునట్లు రామేఛాప్ జిల్లాలోని మంథలీనుండియా? మంథలీనుండి యైనచో నడిరాత్రి లేచి నాలుగైదు గంటలు రహదారిపై పోవలెను. ఆ వాహనపు వెల యెవరిది? ధర చెప్పినప్పుడు అది మన రూపాయలలోనా, నేపాళీ రూపాయలలోనా? నూఱు భారతీయ రూపాయలు నూటఅఱువది నేపాళీ రూపాయలకు సమానము. అక్కడి వ్యాపారులు వీనిని ఐసీ, ఎన్‌సీ అని వేఱుపఱచి చెప్పుదురు. రోజునకు రెండువేలని కూలి కుదుర్చుకొని, అది ఏ రూపాయయో తేల్చుకొననివాడు, 1,250 భారతీయ రూపాయలు చెల్లించవలసినచోట రెండువేలు చెల్లించును. బేస్‌క్యాంపు దారిలోని సగరమాథా జాతీయోద్యానవన ప్రవేశరుసుము కూడ సార్కు దేశస్థులకు ఇతర విదేశీయులకన్న తక్కువ. భారతీయ పాస్‌పోర్టు చూపి ఆ తగ్గింపును అడిగి, రసీదును స్వయముగా చూచుకొనవలెను. అమెరికా పౌరసత్వము తీసికొన్న మనవారికి మాత్రము పూర్తిరుసుమే వర్తించును.

భయమును అమ్ముకొను విద్య

ఇన్ని విధములైన వంచనలలో ఘోరమైనది ప్రాణభయముపై నడచునది. నేపాళమున హెలికాప్టరు రక్షణ పేరిట బీమా కంపెనీలను దోచుకొను ఒక వ్యాపారము బయలుదేరినట్లు ఆరోపణలు రాగా, 2018లో ఆ దేశప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. కొన్ని పర్యాటకసంస్థలు, హెలికాప్టరు సంస్థలు, ఆసుపత్రులు కలిసి, అవసరము లేని రక్షణలను ఏర్పాటుచేసి, పలువురిని ఒకే హెలికాప్టరులో దింపి ప్రతి యొక్కని పేరనను పూర్తి ఖర్చు వసూలు చేయుచున్నవని తేలినది. కొందఱు మార్గదర్శకులు యాత్రికుల ఆహారమున వంటసోడా కలిపి కడుపు చెడునట్లు చేసిరను ఆరోపణలు కూడ పత్రికలలో వచ్చినవి. నేపాళయాత్రలకు బీమా ఇయ్యబోమని విదేశీ కంపెనీలు హెచ్చరించువఱకు పరిస్థితి వచ్చెను. నష్టమునకు నడక అమ్మి, ఆ నష్టమును హెలికాప్టరు కమీషనుతో పూడ్చుకొనుట ఈ వ్యాపారపు కీలకము. చవకబేరమునకును ఈ దోపిడికిని గల సంబంధ మిక్కడ స్పష్టమగుచున్నది.

ఇది ఎట్లు జరుగునో చూడుడు. సాయంకాలము సత్రపు భోజనశాలలో పొయ్యి చుట్టును అందఱును కూర్చుండియుందురు. ఒక యువకునికి తలనొప్పిగా నున్నది; అన్నము సహింపలేదు. మార్గదర్శి అతని ప్రక్కన కూర్చుండి, ముఖము గంభీరముగా పెట్టి, ‘పోయిన నెలలో నీవంటి కుఱ్ఱవాడే తెల్లవారేసరికి పోయినాడు. బీమా ఉన్నది గదా, నీ చేతినుండి పైసా పోదు. ప్రొద్దున హెలికాప్టరు పిలిపింతును’ అనును. ఇంటికి ఫోను చేసినచో అక్కడ తల్లి ఏడ్చును. ఆ రాత్రి వాని మనస్సున వివేకమునకు తావెక్కడ?

ఇచ్చట పాఠకులు మిక్కిలి జాగ్రత్తగా గ్రహింపవలసిన దొకటి కలదు. ఎత్తువలన కలుగు వ్యాధి కల్పితము కాదు. అది నిజముగా ప్రాణము తీయగలదు. వంచనకు లోబడరాదను పట్టుదలతో నిజమైన అపాయమును త్రోసిపుచ్చుట, వంచింపబడుటకన్న అనేకరెట్లు చెడ్డది. కావున లక్షణములను ఇంటివద్దనే నేర్చుకొనవలెను. తలనొప్పి, వికారము, ఆకలి మందగించుట, నిద్ర పట్టకుండుట తొలి లక్షణములు. ఇవి కనబడినప్పుడు పైకి పోక, ఆ ఎత్తుననే విశ్రమించినచో తరచుగా ఒకటి రెండు దినములలో తగ్గును. తగ్గనిచో క్రిందికి దిగవలెను. కూర్చుండియున్నను ఆయాసము వచ్చుట, దగ్గులో నురుగు పడుట, మడమకు బొటనవ్రేలు తాకునట్లు సరళరేఖపై నడువలేకుండుట, మాట తడబడుట, మతి తప్పుట అపాయలక్షణములు. ఇవి కనబడినచో లెక్కలు చూడక, రాత్రియైనను, వెంటనే క్రిందికి దింపవలెను; నడువలేనిచో హెలికాప్టరు పిలువవలెను; అప్పుడు దాని వెల గూర్చి తర్కించుట మూర్ఖత్వము. తొలిలక్షణములు మాత్రమే యుండి, కాళ్ళు ఆడుచున్నంతవఱకు, మొదటి మందు విశ్రాంతి, రెండవది తిరుగుదారి.

సందేహము కలిగినప్పుడు మార్గదర్శిని గాక వైద్యుని అడుగవలెను. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషనువారు 1973 నుండి ఎవరెస్టు మార్గమున ఫెరిచేలో నడక ఋతువులందు చికిత్సాలయము నడుపుచున్నారు. అన్నపూర్ణ మార్గమున మనాంగ్‌లోను వారిది మఱియొకటి కలదు. ఆ వైద్యులు యాత్రికులకు ఎత్తువ్యాధిని గూర్చి ఉపన్యాసములు కూడ ఇత్తురు. ఆ దారిన పోవువారు ఒక గంట ఆగి ఆ ఉపన్యాసము వినుట, కొండపై వారు చేయగల ఉత్తమమైన వ్యయము. బీమాపత్రమును ఇంటివద్దనే చదివి, అది ఎంత ఎత్తువఱకు వర్తించునో, హెలికాప్టరు రక్షణ అందులో నున్నదో లేదో చూడవలెను. చాల బీమాలు ఒక ఎత్తు దాటిన తరువాత వర్తింపవు. బీమావారి అత్యవసర నంబరును కాగితముపై వ్రాసికొని, రక్షణ కావలసినప్పుడు తామే ఫోను చేయవలెను. ఫోను చేయలేని స్థితిలో నున్నచో తోడివారు చేయవలెను. ఈ మాట బయలుదేరుటకు ముందే మార్గదర్శికి మర్యాదగా చెప్పియుంచినచో, అనవసరముగా హెలికాప్టరు పిలిపించు ఆలోచన అతనికి ఉన్నను అక్కడితో ఆగిపోవును. 2023 ఏప్రిల్ నుండి నేపాళమున విదేశీయాత్రికులు అనుమతిపత్రము గల మార్గదర్శిని తీసికొనిపోవలెనను నియమము ప్రకటింపబడినది. ఆ పత్రమును అడిగి చూచుట అవమానము కాదు. మంచి మార్గదర్శి అడుగకుండగనే చూపును.

న్యాయముగా చెల్లించుట

ఇంతవఱకు చదివినవారు కొండలలో ప్రతివాడును దొంగయే యని తలంచినచో ఈ అధ్యాయము వ్యర్థమైనట్లే. అందఱిని అనుమానించువాడు వంచకునినుండి తప్పించుకొనడు. ఏలయన అనుమానము కూడ అలసటవలెనే వివేకమును హరించును. నూఱుగురిని కసిరికొట్టి, నూటయొకటవ తీయని మాటకు లోబడిపోవుట అనుమానస్థుల స్వభావము. కేదారమార్గమున మంచుకాలము వచ్చి ఆలయద్వారములు మూసినచో ఆరుమాసములు ఉపాధి లేని తోలువాని దృష్టితో చూడుడు. అతడు రోజునకు 30 కిలోమీటర్లకు పైగా ఆ రాళ్ళదారిని నడచును. మన జీవితమున ఒక్కసారి చూచు దారిని అతడు మన ప్రాణమును చేతబట్టుకొని దినదినము దాటించుచున్నాడు. అతనికి నిర్ణీతమైన వెల బేరమాడకుండ చెల్లించుట దానము కాదు, ధర్మము. న్యాయమైన ధరను ఆనందముతో చెల్లించువాని మాటకు, అన్యాయమైన ధరను నిరాకరించునప్పుడును గౌరవ ముండును. ప్రతి పైసాకును పోట్లాడువాని మాట ఎవరికిని పట్టదు.

ఒకవేళ మోసపోయినచో ఏమి చేయవలెను? కొండదారిలో, లోయ అంచున, గుఱ్ఱములు పోవుచోట తగవులాడరాదు. సొమ్ము తిరిగి సంపాదింపవచ్చును, కాలుజాఱిన మనిషిని తిరిగి తేలేము. అడిగిన మొత్తము అన్యాయమైనను, చీకటి పడుచున్నప్పుడో, వాన కురియుచున్నప్పుడో, వెంట వృద్ధులున్నప్పుడో, ముందు క్షేమముగా చేరి, తరువాత ఫిర్యాదు చేయుటయే వివేకము. ఫోటోలు, రసీదులు, కార్డు వివరములు భద్రపఱచి, దారిలోని పోలీసు చౌకీలోనో, 112 నంబరునకో తెలుపవలెను. మనము ఫిర్యాదు చేయక ఊరకుండిన ప్రతిసారియు, మఱునాడు అదే తావున నిలుచు మఱియొక కుటుంబమునకు మనమే చేటు చేసినవారమగుదుము. పోయిన సొమ్మును తలచుకొని మిగిలిన యాత్రనెల్ల పాడుచేసికొనుట మాత్రము, ఆ వంచకుడు అడుగకుండగనే వానికి ఇచ్చు రెండవ కానుక.

యాత్రకు తేదీ నిశ్చయించుకొన్న పాఠకులకు నా మనవి ఇది. ఈ రాత్రి భోజనమైన తరువాత కుటుంబమంతయు కలిసి కూర్చుండుడు. ఒక కాగితము తీసికొని, ఉచితమైనవి, ధర నిర్ణయింపబడినవి, బేరమాడవలసినవి అని మూడు వరుసలు గీయుడు. ఎవరు నడచెదరో, ఎవరు నడువలేరో ఇప్పుడే ఒప్పుకొనుడు. ఏ లక్షణము కనబడినచో వెనుకకు మరలవలెనో ఇప్పుడే నిర్ణయించుకొనుడు. బీమా నంబరును, 112ను, 1930ని పెద్ద అక్షరములతో వ్రాసికొనుడు. ఒక విశ్రాంతి దినమును అదనముగా చేర్చి, అందుకు చాలిన సొమ్మును ఆనందముగా కేటాయించుడు. ఈ పనులన్నియు ముగించుటకు ఒక సాయంకాలము చాలును. అది ముగించిన పిదపనే టికెట్లు కొనుడు.